సీసాల పానం

జర దగ్గరికి జరుగుండ్రి, మంట ఇంక ఉన్నది. పొద్దుగాల చిన్నోడు అడిగిండు, ‘కోళ్లకు సూదేసెటందుకు చీకట్లనే లేవాల్నా తాతా?’ అని. లేవాలె బిడ్డా. ఎందుకో చెప్త. ఈ ముచ్చట మీ నానమ్మకు గూడ ఎన్నడు చెప్పలే.

నా చిన్నప్పుడు ఎండకాలమొస్తే కోళ్లకు గత్తర తగిలేది. పొద్దుమూకి మంచిగ గూట్లెకు పోయిన కోడి, తెల్లారేసరికి రెక్కలు వాలేసి, నోరు తెరిచి గురగుర మంటుండె. ఆకుపచ్చగ పారేది. కొన్నిటికి మెడ మెలి తిరిగి మొగులు దిక్కు చూసేటియి. నాలుగొద్దులల్ల గంప ఖాళీ. మా అమ్మ ఎల్లిగడ్డ, పసుపు నూరి ముద్దలు మింగిచ్చేది. కొందరు మనుషుల గోలీలే నీళ్లల్ల కలిపి తాపేటోళ్లు. ఏదీ పనిజెయ్యకపోయేది. ఇగ చావకముందే పైసలు జేసుకుందామని అంగడికి తీస్కపోయేటోళ్లు. చావబోయేదాన్ని కోసుకొని బూరు, పేగులు పెంట మీద పారేసేటోళ్లు. గట్ల గత్తరను మనమే ఊరూరు తిప్పినం.

1978ల తాలూకా పశువుల దవాఖానల నాకు అటెండర్ పని దొరికింది. ఈ రోగం పేరు రాణిఖేత్ అని డాక్టర్ సాబే చెప్పిండు. ఉత్తరాన హిమాలయాల దిక్కున్న కొండ ఊరు అది. 1920లల్ల మన దేశంల ఆడ గుర్తుపట్టిన్రు. సీమల గీ రోగాన్నే న్యూకాజిల్ అంటరు, అదీ ఊరి పేరే. ‘ఇది వచ్చినంక మందు లేదు, రాకముందు టీకానే. రోగమున్న కోడిని ముట్టకు, మంచిగున్నదానికి వెయ్యి’ అన్నడు.

ఆ టీకా ఆర్‌టూబీ. చిన్న సీస అడుగున ఇంత ఎండిన పొడి, నూరు కోళ్లకు సరిపోతది. చల్లటి సెలైన్ నీళ్లల్ల కలిపి, రెండు నెలలు దాటిన కోడికి తోలు కింద అర ఎమ్మెల్. పసిపిల్లలకు ఇది పడది, వాటికి కంట్లె చుక్కమందు వేరే. ‘ఈ సీసాల ఉన్నది పానమున్న క్రిమి. ఐసుల ఉంటెనే బతుకుతది. కలిపినంక రెండు గంటలే, మిగిల్తె కాలబెట్టు’ అని పదిసార్లు చెప్పిండు.

ఓసారి ఓ ఊరికి నన్నొక్కన్నే పంపిండు. తెల్లారకముందు పోవాలె, అప్పుడైతె కోళ్లన్నీ గూట్లెనే దొరుకుతయి. నేను పొద్దెక్కినంక పోయిన. గడ్డివాముల కింద, దొడ్లల్ల ఉరికి ఉరికి అరవై దాక పట్టినం. ఇంకో నలభైటికి మందు మిగిలింది. పారేయ పానమొప్పలే. సీసను రుమాల్ల చుట్టి అంగి జేబుల ఏస్కున్న. తెల్లారి చెరువు వాడల గదే మందు వేసిన. చూస్తె రంగు మారలే, నీళ్లు నీళ్ల లెక్కనే ఉన్నయి.

నెల తిరిగినంక గత్తరొచ్చింది. మొదటొద్దు వేసిన కోళ్లు నిలిచినయి. చెరువు వాడ గూళ్లు ఊడ్సినట్టయినయి. ఓ ముసలవ్వకు పదకొండు కోళ్లుండె, అందుల ఎర్రపుంజు పోచమ్మకు మొక్కింది. మెడ తిరిగిన పుంజును ఒళ్లె పెట్టుకొని గడప మీద కూసుంది. నన్ను చూసి, ‘నువ్వు సూదేస్తివి గద కొడుకా. నువ్వేం జేస్తవు, తల్లికి కోపమొచ్చింది’ అనుకుంట లేచి, కుండల నీళ్లు ముంచిచ్చింది. తాగిన. నోరు తెరిచి చెప్పలే.

మర్సటేడు గా వాడల ఒక్కరు గూడ నాకోసం గంప లేపలే. సూది దండుగ అన్నరు. వాళ్ల తప్పు కాదు.

గందుకే బిడ్డా, పోయిన వారమే కోళ్లకు నట్టల మందు తాపిన, కడుపుల నట్టలుంటే టీకా మంచిగ పట్టది. ఫ్లాస్కుల ఐసు నింపిన. ఇప్పుడు నువ్వు లేచి ఇంటింటికి పోయి, రేపు పొద్దుగాల మేమొచ్చేదాక గూళ్లు తెరవొద్దని చెప్పిరా. నూరు కోళ్లయితె మంచిదే. తక్కువైతె, మిగిలింది ఈ పొయ్యిల పోస్త. నా జేబుల మాత్రం ఏస్కోను.