ఉద్దానం ఇసుకలో బండి కట్టుబడి: నాటుబండి నుంచి గొట్టాల కారు దాకా

రోడ్డు లేని నేల మీద నడిచే బండిని సొంత ఊళ్లో, ఇంటి ముంగిట్లోనే కట్టుకోవడం సంతబొమ్మాళి, టెక్కలి, పలాస ప్రాంతాలకు మోటారు రాకముందు నుంచీ తెలిసిన పని. ఇక్కడి నేల అలాంటిది. సంతబొమ్మాళి మండలంలో తీరం వెంట ఇసుక దిబ్బలు, వాటి వెనక నౌపడ ఉప్పు మడులు, వానాకాలంలో నీరు నిలిచే తంపర భూములు ఉన్నాయి. ఉత్తరంగా వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు సాగితే ఉద్దానం వస్తుంది. కొబ్బరి, జీడి, పనస తోటలు, వాటి కింద వదులు ఇసుక. ఇసుకలో చక్రం కూరుకుపోతుంది. తంపర బురద దాన్ని పట్టుకుని వదలదు. ఉప్పు గాలి ఇనుమును తినేస్తుంది. పైగా ఈ నేల మీద మోయాల్సిన ఉప్పు, కొబ్బరికాయలు, ధాన్యం అన్నీ బరువు సరుకులే.

ఈ అవసరంలోంచి వచ్చింది నాటుబండి. దాన్ని ఎక్కడో తయారుచేసి తెచ్చి అమ్మేవారు కాదు. రైతు చెట్టు కొట్టించి, చెక్క ఆరేదాకా ఆగి, ఊరి వడ్రంగికి పని అప్పగించేవాడు. చక్రానికి తుమ్మ, ఏగిస వంటి గట్టి కర్రలే పనికొచ్చేవి. మెత్తటి కర్రతో చేసిన చక్రం వేసవి ఎండకు ఎండి కీళ్లన్నీ వదులైపోతుంది. మధ్య దిమ్మెను బాడిసతో చెక్కి, ఇరుసు దూరే బెజ్జం తొలిచి, చుట్టూ ఆకులు దిగ్గొట్టి, ఆకుల కొసల మీద వంపు తిరిగిన పూటీలు ఎక్కించేవారు. ఒక్కో పూటీ రెండేసి ఆకులను పట్టి ఉంచుతుంది కాబట్టి ఆరు పూటీలకు పన్నెండు ఆకులు. ఇందులో ఎక్కడా మేకు లేదు, జిగురు లేదు. చెక్కలో చెక్క బిగిసి నిలవడమే చక్రానికి బలం.

ఆ బిగువును శాశ్వతం చేసేది కమ్మరి. చక్రం చుట్టుకొలత కన్నా కాస్త తక్కువగా ఇనప పట్టాను వలయంగా అతికి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో ఎత్తి చక్రం మీద దించి, వెంటనే నీళ్లు గుమ్మరించేవాడు. ఆ కాస్త తక్కువ ఎంతో చెప్పడంలోనే కమ్మరి నేర్పంతా ఉంది. ఐదడుగుల చక్రం చుట్టుకొలత 4.8 మీటర్ల దగ్గర ఉంటుంది. ఇనుము ఆరువందల డిగ్రీలు వేడెక్కితే ఆ పొడవు మూడున్నర సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, చల్లారితే అంతా వెనక్కి వస్తుంది. పట్టా మరీ చిన్నదైతే చక్రం మీదికి దిగదు, బలవంతాన దించినా ఆకులు విరుగుతాయి. పెద్దదైతే రెండు నెలల్లో జారి ఊడుతుంది. థర్మామీటరు, పట్టికలు లేకుండా ఇనుము రంగు చూసి, వేళ్ల మందంతో కొలిచి ఈ లెక్క తేల్చిన పనివాళ్లను ఇంజినీర్లని పిలవడానికి వెనుకాడాల్సింది ఏమీ లేదు. బండి నడవడం మొదలయ్యాక ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన రైతే పూసుకునేవాడు. ఇరుసు చివర కడసీల ఊడకుండా చూసుకోవడం తోలేవాడి పని. మరమ్మతులకు వడ్రంగికి, కమ్మరికి పంట మీద మేర ముట్టేది, కొత్త బండి కూలి మాత్రం విడిగా తేల్చుకునేవారు.

చక్రం అంత ఎత్తు ఎందుకంటే, పెద్ద చక్రం చిన్న గుంటలో పడదు, గట్టును తక్కువ వాలుతో ఎక్కుతుంది, ఇరుసును బురదకు అందనంత పైన ఉంచుతుంది. ఇప్పుడు రోడ్డు దిగి నడిచే కార్లలో అందరూ మొదట అడిగే గ్రౌండ్ క్లియరెన్సు ఇదే. నాటుబండికి ఉన్న లోపమంతా పట్టాలో ఉంది. సన్నని ఇనప అంచు బరువునంతా రెండు మూడు అంగుళాల వెడల్పు మీద మోపుతుంది. గట్టి నేలపై అది తేలిగ్గా దొర్లుతుంది, ఇసుకలోనూ తడి దారిలోనూ కోసుకుంటూ లోపలికి దిగుతుంది. ఆ బాధ పడేది ఎడ్లు.

ఈ బాధ తప్పించే మొదటి పెద్ద ప్రయత్నం నౌపడలోనే జరిగింది, అదీ బండితో కాదు, రైలు పట్టాలతో. 1890లలో తూర్పు తీరపు రైలు మార్గం ఇటుగా పడ్డాక పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా తన రాజధానికి రెండడుగుల ఆరంగుళాల నారోగేజి లైను వేయించాడు. ఖర్చు 7 లక్షల రూపాయలు. 1900లో బండ్లు నడిచాయి, 1931 నాటికి లైను గుణుపురం దాకా సాగింది. దేశానికంతటికీ ఒకటే కొలత కావాలని ఆగకుండా, ఆ ఊళ్లకు, ఆ సరుకుకు, ఆ ఖర్చుకు తగ్గ చిన్న రైలును ఒక సంస్థానం సొంతంగా కట్టుకోవడం గుర్తుంచుకోదగిన విషయం. 2004లో నారోగేజి ఆగిపోయి, బ్రాడ్‌గేజి పనులు ముగిశాక 2011లో గుణుపురం దాకా మళ్లీ రైళ్లు తిరిగాయి. అయితే రైలు స్టేషను దాకానే. మడి నుంచి స్టేషనుకు, తోట నుంచి సంతకు బండి తప్పలేదు.

నేలకు తగ్గట్టు పుట్టిన మోటారు బండి జీపు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 1941 నుంచి 1945 వరకు ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. 80 అంగుళాల వీల్‌బేసు, 60 గుర్రాల బలం, నాలుగు చక్రాలకూ తిప్పుడు, నిచ్చెన ఆకారంలో గట్టి చట్రం. వీటన్నిటికన్నా ముఖ్యం, ఏ భాగాన్నయినా మామూలు పానాలతో విప్పి మళ్లీ బిగించవచ్చు. యుద్ధం ముగిశాక మిగిలిన సైనిక బండ్లు వేలంలోకి వచ్చాయి. బెంగాల్‌లోని పానాగఢ్ ఆ సరుకుకు పేరుపడ్డ బజారు. 1947లో మహీంద్రా సంస్థ విడిభాగాలుగా తెప్పించిన జీపులను బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. అదే సంస్థ 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్ల వ్యాపారంలోకి దిగింది. తర్వాత కాలంలో ఆ ట్రాక్టరు డీజిల్ ఇంజినే జీపులోకి ఎక్కింది. దున్నే ఇంజిను మనుషుల్ని మోయడం మొదలయ్యాక, ట్రాక్టరు బాగుచేయగలిగిన ప్రతి మేస్త్రీ జీపునూ బాగుచేయగలిగాడు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా ఏజెన్సీ ఘాట్లలో బస్సు వెళ్లలేని దారులన్నిటా సర్వీసు జీపులే దిక్కయ్యాయి. వెనక బల్లలు బిగించి, పైన కడ్డీలు అతికి, పక్కల మెట్లు కట్టి వాటిని మార్చుకున్నది కంపెనీ కాదు, స్థానిక షెడ్లు.

ఇదే కాలంలో ఎడ్లబండీ మారింది. గాలి నింపిన రబ్బరు టైర్లు చెక్క చక్రాల స్థానంలోకి వచ్చాయి. బెంగళూరు ఐఐఎం డైరెక్టరుగా పనిచేసిన ఎన్.ఎస్. రామస్వామి 1970లలో ఎడ్లబండి ఆధునికీకరణను జాతీయ సమస్యగా ముందుకు తెచ్చారు. అప్పటికి దేశంలో కోటికి పైగా బండ్లు ఉన్నాయి. టైరు బండి ఇసుకలో తేలిగ్గా నడుస్తుంది, ఎద్దు మెడ మీద కుదుపు తగ్గుతుంది, బరువూ ఎక్కువ వేయవచ్చు. ఆ మేలు కాదనలేనిది. కానీ దానితో చక్రం ఊరి చేతుల్లోంచి జారిపోయింది. టైరు, ట్యూబు, బేరింగు, ఇనప ఇరుసు బజారులో కొనేవే. వడ్రంగికి పైన చెక్కలు మిగిలాయి, కమ్మరి కొలిమి చల్లబడింది.

కొలిమి చోటును వెల్డింగ్ షాపు తీసుకుంది. టెక్కలి, పలాస-కాశీబుగ్గ వంటి జాతీయ రహదారి ఊళ్లలో ట్రాక్టరు ట్రక్కులు, గేట్లు, షెడ్ల దూలాలు అతికే చేతులే ఇప్పటి బండి కట్టుబడికి ఆధారం. రైతు వచ్చి తన దారి వెడల్పు, వేసే సరుకు, ట్రాక్టరు బలం చెబుతాడు, మేస్త్రీ నేల మీద సుద్దముక్కతో గీసి లెక్క చెబుతాడు. నాటుబండి నాటి మాటామంతీ రూపు మారి ఇక్కడ బతికి ఉంది.

ఇంట్లో కట్టుకునే ఆఫ్‌రోడ్ కారు ప్రపంచంలో ఎక్కడ స్థిరపడిందో చూస్తే అదీ సముద్రపు ఇసుకలోనే. కాలిఫోర్నియా తీరంలో పడవలు చేసే బ్రూస్ మేయర్స్ 1964లో ఫైబర్‌గ్లాసుతో తొట్టి లాంటి ఒళ్లు పోతపోసి, ఫోక్స్‌వాగన్ బీటిల్ యంత్రాలను దానికి బిగించాడు. అదే మేయర్స్ మ్యాంక్స్ బగ్గీ. పడవ విద్యే కారు విద్య అయింది. ఆంధ్ర తీరానికీ ఫైబర్ పని పడవలతోనే వచ్చింది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత మత్స్య కార్యక్రమం ఒడ్డుకు చేరే కొత్త రకం పడవల మీద పనిచేసింది. తర్వాత కర్ర తెప్పల పక్కన ఫైబర్ తెప్పలు బారులు తీరాయి. ఫైబర్ పడవకు చిల్లు పూడ్చగల పల్లె, బగ్గీ ఒంటిని పోతపోయగల పల్లే.

అలాంటి కారు కట్టుబడికి కావాల్సింది రహస్యం కాదు. మన దేశంలో ఎక్కువమంది పాత మారుతి 800ను విప్పుతారు. 796 సీసీ ఇంజిను, గేరుపెట్టె ఒకే ముద్దగా ఉంటాయి కాబట్టి ముందు చక్రాల దగ్గరి నుంచి తీసి, అలాగే సీటు వెనక అమర్చితే వెనక చక్రాలు తిరిగే బండి అవుతుంది. ఇసుకలో వెనక బరువు ఉండడం మేలు, తిరిగే చక్రాలు నేలను పట్టుకుంటాయి. నాలుగు చక్రాల తిప్పుడు కావాలంటే పాత జీపో, 1985లో వచ్చిన మారుతి జిప్సీయో దొరకాలి. చట్రం ఉక్కు గొట్టాలతో పంజరంలా కడతారు. బండి బోల్తా కొట్టినా లోపలి మనిషి తల నేలకు తగలకుండా కాపాడేది ఆ పంజరమే. కాబట్టి దాని అతుకుల్లో నాసిరకం పనికి చోటు లేదు. పైకి నున్నగా కనిపించే అతుకు లోపల గొట్టంతో కలవకపోవచ్చు, అది తెలిసేది బండి పల్టీ కొట్టినప్పుడే. ఇసుకలోకి దిగేముందు టైర్ల గాలిని 30 పౌండ్ల నుంచి సగం దాకా తగ్గిస్తారు. టైరు పరుచుకుని బరువును వెడల్పు చేస్తుంది. ఇనప పట్టాకు లేని గుణం ఇదే.

ఈ విద్యను చదువుగా మార్చింది బాహా పోటీ. 1976లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ విద్యార్థి పోటీ 2007లో మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌కు వచ్చింది. చాలాకాలం అన్ని జట్లకూ ఒకే పది గుర్రాల ఇంజిను ఇచ్చి, దాన్ని తాకనివ్వకుండా, మిగతా బండినంతా విద్యార్థులే కట్టేలా నిబంధన పెట్టారు. పంజరపు గొట్టం ఉక్కులో కార్బన్ కనీసం 0.18 శాతం ఉండాలి. కట్టిన బండిని గుంటల్లో, బురదలో నాలుగు గంటలు నడిపి చూస్తారు. లెక్క తప్పినచోట అది విరిగి చూపిస్తుంది.

తెలుగునాట సొంతంగా కార్లు కట్టిన పేరు హైదరాబాదుకు చెందిన కె. సుధాకర్‌ది. స్కూలు రోజుల నుంచీ పాత ఇనుముతో బండ్లు చేస్తూ వచ్చిన ఆయన, 2005 జులై 1న 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలును నడిపి గిన్నిస్ రికార్డు సాధించారు. 2010లో బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం తెరిచారు. క్రికెట్ బ్యాటు, బూటు, మంచం ఆకారాల్లో ఉన్న అక్కడి కార్లు నిజంగా నడుస్తాయి. అవి ఇసుకలో తిరగడానికి చేసినవి కావు. అయినా ఒక మనిషి పట్టుదల ఉంటే ఏ ఆకారానికైనా చక్రాలు బిగించగలడని అవి రుజువు చేశాయి. పల్లె కమ్మరితనానికి దగ్గరి ఉదాహరణ మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రేలో ఉంది. ఇనుప పని చేసే దత్తాత్రేయ లోహార్ 60 వేల రూపాయల లోపు ఖర్చుతో కాలితో తన్ని స్టార్ట్ చేసే చిన్న జీపు చేశాడు. 2021 డిసెంబరులో మహీంద్రా సంస్థకు చెందిన ఆనంద్ మహీంద్రా దాన్ని మెచ్చుకున్నారు. నిబంధనల ప్రకారం అది రోడ్డు మీద నడవడానికి వీల్లేదు కాబట్టి, దాన్ని తమ సంస్థకు తీసుకుని 2022 జనవరిలో అతనికి కొత్త బొలెరో ఇచ్చారు.

ఆ నిబంధనలు కఠినమైనవే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషను లేని బండి బహిరంగ స్థలంలో తిరగకూడదు, కొత్త నమూనాను పుణేలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలు పరీక్షించి ఒప్పుకోవాలి. ఉన్న బండిని మార్చడం మీద 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్పు చేయకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరి 9న కేరళ కేసులో తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణ ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండూ పెట్టింది. రోడ్డు మీద ఎదుటివారి ప్రాణాలతో పని ఉన్నప్పుడు ఇది న్యాయమే. సొంత తోటలోనో పోటీ మైదానంలోనో తిరగడానికి కట్టుకునే బండి మాత్రం ఇప్పటికీ ఆసక్తి ఉన్నవారికి తెరిచి ఉన్న దారి.

టెక్కలిలో 2001 నుంచి ఇంజినీరింగ్ కళాశాల ఉంది. ఉద్దానం, తంపర ఊళ్లలో నాటుబండి చక్రాలు ఇంకా అక్కడక్కడా గోడలకు ఆనించి కనిపిస్తాయి, వాటిని కట్టినవారిలో బతికున్నవారు వయసు మళ్లినవారు. ఆ కళాశాల విద్యార్థులు బగ్గీ చట్రం గీసే ముందు ఒక పాత చక్రం కొలతలు తీసి, పూటీ అతుకును, పట్టా తగ్గింపు లెక్కను ఆ పనివాళ్లను అడిగి రాసిపెట్టాలి. ఈ పని ఇప్పుడే జరగాలి.