కోదండం నుంచి కమిటీ దాకా: తెలుగునాట తరగతి గది క్రమశిక్షణ చరిత్ర

తెలుగు ప్రాంతపు విద్యాలయాల్లో క్రమశిక్షణ చరిత్రను పరిశీలించేవారికి శిక్షల స్వరూపం ఎలా మారిందన్న విషయంకంటే, ఏ కాలపు శిక్ష ఎవరిని కాపాడడానికి పుట్టిందన్న ప్రశ్నే ఎక్కువ సంగతులు బయటపెడుతుంది. వీధిబడిలో బెత్తం పంతులుగారి పాఠానికి కాపలా కాసింది. వలస పాలన నాటి కళాశాలలో రస్టికేషన్ అనే బహిష్కరణ ప్రభుత్వానికి అండగా నిలిచింది. ఒక విద్యార్థిని మరో విద్యార్థి బారినుంచి కాపాడే ప్రత్యేక చట్టం మాత్రం ఇరవయ్యో శతాబ్దం ముగింపునకు వచ్చేదాకా రాలేదు.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ విద్య స్థితిగతులను తెలుపవలసిందిగా జిల్లా కలెక్టర్లను ఆదేశించగా, తెలుగు వ్యాకరణ గ్రంథకర్తగా కూడా పేరున్న బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823లో పంపిన నివేదికలో వీధిబడి దినచర్య సవివరంగా కనిపిస్తుంది. నేటి అనంతపురం ప్రాంతం అప్పటికి బళ్ళారి జిల్లాలోనే ఉండేది గనుక ఆ వర్ణన తెలుగు బడులకూ వర్తిస్తుంది. ఉదయం అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి మెప్పూ లేదు, తప్పూ లేదు అన్నట్టుగా సున్న చుట్టేవారు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాళ్ళకు వరుసగా ఒక్కో దెబ్బ చొప్పున పెరుగుతూ పోయేది. చదువులో సోమరితనం చూపినవాణ్ణి రెండు చేతులూ కట్టి ఇంటికప్పుకు వేలాడదీయడం, ఆపకుండా కూర్చోబెట్టి లేపడం వంటి శిక్షలనూ కాంబెల్ పేర్కొన్నాడు. తెలుగువారు కోదండం, గుంజిళ్ళు అని పిలిచే శిక్షలు ఇవే.

ఈ పద్ధతిలో క్రౌర్యం ఉన్నమాట నిజమే అయినా, దానికొక పరిమితి కూడా ఉండేది. ఆలస్యంగా వచ్చినవాడి లెక్క ఆ పూటతోనే తీరిపోయేది. ఏ పుస్తకంలోనూ అది నమోదయ్యేది కాదు. నిన్న పది దెబ్బలు తిన్నవాడు మరునాడు తెల్లవారకముందే వచ్చి సరస్వతి పేరు రాయించుకోవడానికి అడ్డేమీ ఉండేది కాదు. శిక్ష ఒంటికి తగిలేదే తప్ప భవిష్యత్తుకు తగిలేది కాదు.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి, దాని కింద రాజమహేంద్రవరం వంటి పట్టణాల్లో కళాశాలలు ఎదిగేసరికి పరిస్థితి తలకిందులైంది. కళాశాల తరగతిలో కూర్చున్నవారు మీసాలు వచ్చిన యువకులు, కొందరు పెళ్ళయి సంసారం మోస్తున్నవారు. వాళ్ళను కోదండం వేయడం కుదరదు. అందువల్ల శిక్ష చేతినుంచి కాగితానికి మారింది. హాజరు చాలకపోతే పరీక్షకు పంపకపోవడం, జరిమానా వేయడం, ఉపకారవేతనం నిలిపివేయడం మొదటి మెట్లు. ఒక విద్యాసంస్థ విడిచిపెట్టినట్టు ఇచ్చే పత్రమైన టీసీ లేనిదే మరో సంస్థలో చేరడం సాధ్యం కాదు. నడవడి ఎలాంటిదో ధ్రువీకరించే కండక్ట్ సర్టిఫికెట్ సరిగా లేకపోతే ఉద్యోగం దొరకడం కష్టం. వీటన్నిటికీ పైమెట్టు రస్టికేషన్, అంటే నిర్ణీత కాలంపాటో శాశ్వతంగానో విద్యార్థిని బహిష్కరించి, ఆ కాలంలో మరే గుర్తింపు పొందిన సంస్థా అతన్ని చేర్చుకోకుండా చేయడం. వీధిబడి శిక్ష సాయంత్రానికి మరుగునపడేది. ప్రిన్సిపాల్ రాసిన వాక్యం మాత్రం విద్యార్థి వెంట జీవితాంతం నడిచేది.

ఈ కాగితపు అధికారం ఎంతవరకు పోగలదో 1907లో రాజమహేంద్రవరం చూపించింది. బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా సాగిన వందేమాతరం ఉద్యమ ప్రచారానికి జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఆ ఏప్రిల్‌లో ఆంధ్ర పట్టణాల్లో పర్యటిస్తూ రాజమహేంద్రవరంలో కొన్ని రోజులు ఉపన్యసించగా, కళాశాల విద్యార్థులు గుంపులుగా వెళ్ళి విన్నారు. ఆ వెంటనే వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు రావడం మొదలుపెట్టారు. నేటి అర్థంలో అది తరగతిని చెడగొట్టే అల్లరి కాదు. చొక్కాకు తగిలించుకున్న ఒక గుర్తు మాత్రమే. అయినా ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ దాన్ని ధిక్కారంగా పరిగణించి నిషేధించడంతో విద్యార్థులు ఎదురు తిరిగారు, అనేకులు సస్పెండయ్యారు. అప్పటికే ఎం.ఏ. పూర్తిచేసి ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును రస్టికేట్ చేయడమే కాక, ప్రభుత్వోద్యోగానికి అనర్హుడిగా ప్రకటించారు. ఉపాధ్యాయుడు కాబోతున్న వ్యక్తికి ఆ ఒక్క ఉత్తర్వుతో బడి తలుపులు మూతపడ్డాయి. ఆయన బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపి, 1908లో అందులోని వ్యాసానికి రాజద్రోహ నేరంపై జైలుకు వెళ్ళారు. తర్వాతి కాలంలో గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ అంకితమయ్యారు.

రాజమహేంద్రవరం ఘటన జరిగిన 1907లోనే, మే నెలలో భారత ప్రభుత్వ కార్యదర్శి హెచ్.హెచ్. రిజ్లీ పేర వెలువడిన ఉత్తర్వు, ఇలాంటి చర్యలకు దేశవ్యాప్తమైన నియమావళిని సమకూర్చింది. పాఠశాల పిల్లలను రాజకీయ సభలకు పూర్తిగా దూరం పెట్టాలనీ, కళాశాల విద్యార్థులను క్రమశిక్షణకు భంగం కలిగేలా వాటిలో పాల్గొననీయరాదనీ అది ఆదేశించింది. అదుపు చేయని సంస్థల గ్రాంటుకూ గుర్తింపుకూ ముప్పు ఉంటుందని హెచ్చరించింది. దీంతో విద్యార్థి ప్రవర్తన గురువుకూ శిష్యుడికీ మధ్య వ్యవహారంగా మిగలలేదు. సంస్థ మనుగడకు ముడిపడింది.

రస్టికేషన్‌కు బలం ఇతర సంస్థలు దాన్ని మన్నించడంలోనే ఉందని తేల్చినది నిజాం రాజ్యం. 1938 చివర్లో ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టల్ విద్యార్థులు ప్రార్థనగా వందేమాతరం పాడడాన్ని అధికారులు నిషేధించడంతో సమ్మె మొదలై, ఇతర కళాశాలలకూ పాకి, వందలమంది బహిష్కరణకు గురయ్యారు. అయితే రాజ్యం సరిహద్దు అవతల ఉన్న నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్ళకు ప్రవేశం ఇచ్చింది. అలా అక్కడికి వెళ్ళి చదువుకున్నవారిలో తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు ఒకరు. ఒక ప్రభుత్వం దుష్ప్రవర్తనగా నమోదు చేసిన చర్యను పక్క ప్రాంతపు విశ్వవిద్యాలయం లెక్కచేయకపోవడంతో శిక్ష పదును పోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక పాలకుల చూపు కొంత మారింది. అంతకుముందు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో విశ్వవిద్యాలయ విద్యపై ఏర్పడిన కమిషన్ క్రమశిక్షణను విద్యార్థి సంక్షేమంతో జతచేసి చూసింది. 1964–66 నాటి కొఠారి విద్యా కమిషన్ మరో అడుగు ముందుకు వేసి, విద్యార్థుల అశాంతికి కారణాల్లో చదువు తర్వాతి అనిశ్చిత భవిష్యత్తు, యాంత్రికమైన పాఠ్యక్రమం, చాలీచాలని వసతులు, అధ్యాపకుడికీ విద్యార్థికీ మధ్య సంబంధం పలచబడడం వంటివి ఉన్నాయని చెప్పింది. ఈ కమిషన్ల సూచనలు పూర్తిగా ఆచరణకు రాకముందే 1969 తెలంగాణ ఉద్యమంలోనూ, 1972 జై ఆంధ్ర ఉద్యమంలోనూ తరగతులు నెలల తరబడి మూతపడి, కళాశాల క్రమశిక్షణ మళ్ళీ పోలీసుల పరిధిలోకి వెళ్ళింది.

ఈ చరిత్రలో అసలైన మలుపు 1997లో ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టంతో వచ్చింది. కొత్తగా చేరిన జూనియర్లను సీనియర్లు పరిచయం పేరుతో అవమానించడం, హింసించడం అనే ర్యాగింగ్‌ను అంతవరకూ చాలామంది కళాశాల సరదాగానే చూశారు. అవమానానికి ఆరు నెలల వరకు జైలుతో మొదలుపెట్టి, మరణానికో ఆత్మహత్యకో దారితీస్తే యావజ్జీవ లేదా పదేళ్ళ వరకు జైలు శిక్షను ఆ చట్టం మెట్లమెట్లుగా నిర్ణయించింది. ఫిర్యాదు అందినా చర్య తీసుకోని సంస్థ అధిపతిని నేరానికి తోడ్పడినవాడిగా పరిగణిస్తామనడం అందులో మరింత కొత్త విషయం. హంటర్ కాలంలో ప్రిన్సిపాల్ ఎంత కఠినంగా ఉంటే అంత సమర్థుడు. 1997 తర్వాత అతని ఉదాసీనతే నేరమయ్యే వీలు కలిగింది. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలు వెలువడ్డాక ర్యాగింగ్ నిరోధక కమిటీ, స్క్వాడ్, చేరేటప్పుడు విద్యార్థీ తల్లిదండ్రులూ సంతకం చేసే అఫిడవిట్ ప్రతి కళాశాలలోనూ తప్పనిసరయ్యాయి.

ఇన్ని ఉత్తర్వులూ చట్టాలూ పుట్టినా, పాఠం సాగుతుండగా వెనక బెంచీలో గోల చేసేవాడి గురించి అవి దాదాపుగా ఏమీ మాట్లాడలేదు. అక్కడ అధ్యాపకుడికి మిగిలింది క్లాసు బయటికి పంపడం, ఆబ్సెంట్ వేయడం, తల్లిదండ్రులను తీసుకురమ్మనడం. చాలా విశ్వవిద్యాలయాల్లో 75 శాతం హాజరు తప్పనిసరి గనుక ఆబ్సెంట్‌కు కొంత బెదిరింపు విలువ ఉన్నా, పాఠం మీద ఆసక్తి పుట్టించే శక్తి దానికి లేదు. పైన చూసిన ఉత్తర్వులూ చట్టాలూ ఎక్కువగా వీధిలోనో హాస్టల్లోనో ఏదో ఒక పెద్ద సంఘటన జరిగాకే వచ్చాయి. రోజువారీ అల్లరి ఏ ప్రభుత్వాన్నీ కదిలించేంత పెద్దది కాలేదు. అందుకే కొఠారి కమిషన్ ఎత్తిచూపిన కారణాల్లో ఒకటి, పేరుపెట్టి పిలవలేనంత పెద్ద తరగతుల్లో తెగిపోయిన గురుశిష్య సంబంధం, నేటికీ ఏ నిబంధనకూ అందకుండా మిగిలింది. దాన్ని సరిదిద్దాలంటే కావలసింది మరో సర్క్యులర్ కాదు, తరగతి పరిమాణం తగ్గించి అధ్యాపక ఖాళీలు నింపడం.