రమ్మన్న సంతకం ఉంది, తిరిగొచ్చే తేదీ లేదు: శ్రీలంకలో మన సైన్యం, ఢిల్లీలో మన పీవీ

2024 జనవరిలో మాల్దీవుల గొడవ గుర్తుందా? లక్షద్వీప్ ఫోటోలు, బాయ్‌కాట్ హ్యాష్‌ట్యాగులు, క్యాన్సిల్ చేసిన హోటల్ బుకింగులు, అదంతా గుర్తుండే ఉంటుంది. ఆ గోలలో అసలు ముచ్చట పక్కకు పోయింది. అక్కడ కొత్తగా గెలిచిన అధ్యక్షుడు ముయిజ్జు, మన సైనికులను వెనక్కి తీసుకుపొమ్మన్నారు. ఉన్నది 80 మంది దాకా. హెలికాప్టర్లు, ఒక చిన్న విమానం నడిపేవాళ్లు. మే 10 దాకా గడువు ఇచ్చారు. మనవాళ్లు సైనికుల స్థానంలో యూనిఫాం లేని టెక్నీషియన్లను పంపి, గడువులోపే పని ముగించారు.

ఇప్పుడు ఆ 80 మంది బదులు పదుల వేల మంది ఉన్నారనుకోండి. వాళ్లు ఖాళీగా కూర్చోలేదు, యుద్ధంలో ఉన్నారు. వందల మంది చనిపోయారు కూడా. అప్పుడు ఆ దేశాధ్యక్షుడు మైకు ముందు నిలబడి రెండు నెలల్లో వెళ్లిపొమ్మన్నాడు. ఇది 1989లో శ్రీలంకలో నిజంగా జరిగింది. ఆ సమయంలో ఢిల్లీలో విదేశాంగ మంత్రి ఎవరో తెలుసా? మన వరంగల్ బిడ్డ, పీవీ నరసింహారావు.

నేను ఎనుమాముల నుంచి మాట్లాడుతున్నా. వెనక లారీ హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి, మిర్చి సీజను. మన దేశం మిర్చి కొనే దేశాల లిస్టులో చైనా, థాయ్‌లాండ్, బంగ్లాదేశ్‌తో పాటు శ్రీలంక కూడా ఉంటుంది. సరుకు దాటే సముద్రమే సైన్యమూ దాటింది. ఇంకో మాట. శ్రీలంకకు మొదట వెళ్లిన సైన్యం ఎక్కడో పంజాబ్ సరిహద్దు నుంచి వెళ్లింది కాదు. 54వ ఇన్‌ఫాంట్రీ డివిజన్, మన సికింద్రాబాద్ కేంద్రంగా ఉండేది. 1987 జులై 30న జాఫ్నాలో దిగింది వాళ్లే. కాబట్టి ఈ కథ ఎవరి ఊరిదో కాదు.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1983 జులైలో కొలంబోలో తమిళుల మీద దాడులు జరిగాయి. ఇళ్లు, దుకాణాలు తగలబెట్టారు, మనుషులను చంపారు. శ్రీలంక తమిళులు ఆ నెలను ఇప్పటికీ 'నల్ల జులై' అంటారు. ఆ మంటలు చల్లారకముందే ఇందిరాగాంధీ కొలంబోకు ఒక మనిషిని పంపారు. అది కూడా పీవీయే. అప్పుడూ విదేశాంగ మంత్రి ఆయనే, హన్మకొండ ఎంపీ కూడా ఆయనే. నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగిన మనిషి, మండుతున్న కొలంబోలో దిగి అధ్యక్షుడు జయవర్ధనేతో మాట్లాడి వచ్చారు.

ఆ తర్వాతి నాలుగేళ్లు త్వరగా దాటేస్తా. తమిళ మిలిటెంట్ గ్రూపులు పెరిగాయి, వాటికి ఇండియాలోనే ట్రైనింగు, ఆయుధాలు దొరికాయి. ఇది ఇప్పుడు రహస్యం కాదు. మనమే పెంచిన మంటను మనమే ఆర్పాల్సి వచ్చింది. 1987 జులై 29న రాజీవ్‌గాంధీ, జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మరుసటి రోజే సైనిక వందనం తీసుకుంటున్న రాజీవ్‌ను ఒక శ్రీలంక నావికుడు తుపాకీ మడమతో కొట్టాడు. ఆ వీడియో మీ ఫోన్లో వెతికితే దొరుకుతుంది. రాజీవ్ తల వంచి తప్పించుకోకపోతే దెబ్బ తలకే తగిలేది. సింహళ ప్రజల్లో ఆ ఒప్పందం మీద ఎంత కోపం ఉందో ఆ ఒక్క దెబ్బతో తెలిసిపోయింది.

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పదలుచుకున్నది ఆ ఒప్పందం కాగితం గురించే. సంతకాలైన 48 గంటల్లో కాల్పులు ఆగాలని అందులో రాశారు. ఆ తర్వాత 72 గంటల్లో మిలిటెంట్లు ఆయుధాలు అప్పగించాలని రాశారు. తూర్పు రాష్ట్రం ఉత్తరంతో కలిసి ఉండాలా వద్దా అనే రెఫరెండం 1988 డిసెంబర్ 31లోపు జరగాలని రాశారు. అన్నిటికీ గంటలు, తేదీలు ఉన్నాయి. సైన్యం సంగతి మాత్రం అనుబంధంలో ఒక్క వాక్యం. కాల్పుల విరమణను అమలు చేయడానికి, అవసరమైతే, భారత శాంతి పరిరక్షక దళాన్ని శ్రీలంక అధ్యక్షుడు ఆహ్వానించవచ్చు అని దాని సారాంశం. ఎంతమంది వెళ్తారు, ఏ పరిస్థితి వస్తే పని పూర్తయినట్టు, ఎప్పుడు తిరిగి రావాలి, ఇవేవీ లేవు.

మన మార్కెట్లో తక్‌పట్టీ ఎట్లుంటదో రైతుబిడ్డలకు చెప్పక్కర్లేదు. బస్తాలెన్ని, తూకం ఎంత, ధర ఎంత అన్నీ రాసి, పైసలు ఎప్పుడిస్తరో తేల్చకపోతే మీ నాన్న ఊరుకుంటడా? అక్కడ రెండు దేశాలు ఊరుకున్నాయి.

ఆయుధాలు కొన్ని అప్పగించారు, ఎక్కువ దాచుకున్నారు. సెప్టెంబర్‌లో తిలీపన్ అనే ఎల్టీటీఈ యువకుడు జాఫ్నా దగ్గర నల్లూరులో నిరాహార దీక్ష చేసి, చుక్క నీళ్లు కూడా ముట్టకుండా ప్రాణం వదిలాడు. అక్టోబర్ మొదట్లో శ్రీలంక నేవీ పట్టుకున్న 17 మంది ఎల్టీటీఈ వాళ్లను కొలంబోకు తరలించబోతుంటే వాళ్లు సైనైడ్ మింగారు, 12 మంది చనిపోయారు. ఆ వారంలోనే శాంతి పరిరక్షక దళం యుద్ధం చేసే దళంగా మారిపోయింది. అక్టోబర్ 11 రాత్రి జాఫ్నా యూనివర్సిటీ గ్రౌండులో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లాటూన్‌లో ప్రాణాలతో మిగిలింది ఒకే ఒక్కడు. పది రోజుల తర్వాత, అక్టోబర్ 21న, అదే జాఫ్నాలో ఆసుపత్రిలోకి మన సైనికులు వెళ్లి కాల్పులు జరిపారు. రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి 60 మందికి పైగా చనిపోయారు. మన సినిమాల్లో మొదటి సంగతి రావచ్చు, రెండోది రాదు. జాఫ్నా ఇళ్లలో మాత్రం రెండోదే గుర్తుంది.

1988 జూన్‌లో పీవీ మళ్లీ విదేశాంగ మంత్రి అయ్యారు. ఈసారి ఆయన హన్మకొండ ఎంపీ కాదు. 1984లో మనోళ్లు ఆయన్ని ఓడించి బీజేపీకి చెందిన చందుపట్ల జంగారెడ్డిని గెలిపించారు. దేశమంతా కలిపి ఆ పార్టీకి వచ్చిన రెండు సీట్లలో ఇదొకటి! పీవీ మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. అది వేరే ఎపిసోడ్‌కు సరిపడా కథ.

ఆ ఏడాది డిసెంబర్‌లో శ్రీలంకలో ప్రేమదాస అధ్యక్షుడిగా గెలిచారు. ఆయన మొదటి నుంచీ ఒప్పందానికి వ్యతిరేకి. పైగా దక్షిణాన జేవీపీ అనే సింహళ తీవ్రవాద పార్టీ, ఇండియా సైన్యం పేరు చెప్పే యువతను రెచ్చగొడుతోంది. ఇండియా సరుకు కొనొద్దు, అమ్మొద్దు అని హుకుం జారీ చేసింది. కాదన్నవాళ్లను చంపింది. అలాంటి పరిస్థితిలో 1989 జూన్ 1న, కొలంబో పక్కన బత్తరముల్లలో జరిగిన సభలో ప్రేమదాస బహిరంగంగా చెప్పేశారు: జులై 29కల్లా భారత సైన్యం వెళ్లిపోవాలి. ఒప్పందానికి సరిగ్గా రెండేళ్లు నిండే రోజు అది.

అసలు వాదన ఇక్కడ మొదలైంది. జూన్, జులై నెలల్లో రాజీవ్, ప్రేమదాసల మధ్య ఉత్తరాలు నడిచాయి. ప్రేమదాస వాదన సూటిగా ఉంది. మా అధ్యక్షుడు పిలిస్తే వచ్చారు, ఇప్పుడు అధ్యక్షుణ్ని నేను, వెళ్లమంటున్నాను, ఇంకేం కావాలి? ఒప్పందంలోని ఆ ఒక్క వాక్యం చదివితే ఆయన మాట కాదనలేం. ఆహ్వానించే అధికారం ఉన్నవాడికి ఆహ్వానం వెనక్కి తీసుకునే అధికారం ఉండదా?

ఢిల్లీ వాదన ఇంకోలా ఉంది. సైన్యం ఒంటరిగా వెళ్లలేదు, ఒప్పందంతో పాటు వెళ్లింది. తమిళులకు అధికారాలు ఇస్తామని, వాళ్ల ప్రాణాలకు భద్రత ఉంటుందని శ్రీలంక కూడా సంతకం పెట్టింది. సైన్యం తిరుగుదల, ఆ హామీల అమలు రెండూ జంటగా నడవాలి, ఒకరు ఏకపక్షంగా తేదీ ప్రకటిస్తే కుదరదు. ఇది కూడా కొట్టిపారేసే మాట కాదు. మనం వచ్చేస్తే అక్కడ మనల్ని నమ్మినవాళ్ల గతేంటి అనే ప్రశ్న నిజమైనదే.

కానీ నాకు ఢిల్లీ వాదనలో ఒక లోపం కనిపిస్తుంది. ఆ హామీ ఎప్పటికి నెరవేరినట్టు అని ఎవరు చెప్పాలి? కొలత లేని షరతు పెడితే సైన్యం పదేళ్లయినా ఉండాల్సిందే. ఇక తమిళులే మన సైన్యాన్ని కోరుకుంటున్నారా అంటే, ఆసుపత్రి ఘటన తర్వాత జాఫ్నాలో ఆ మాట ధైర్యంగా అనేవాళ్లు ఎంతమంది?

ఇంతలో ఇంకో విచిత్రం. అదే ప్రేమదాస ఎల్టీటీఈతో చర్చలు మొదలుపెట్టారు, మన సైన్యంతో పోరాడటానికి వాళ్లకు ఆయుధాలూ అందించారు. నిన్నటిదాకా శ్రీలంకను చీల్చాలన్నవాళ్లకు శ్రీలంక ప్రభుత్వమే తుపాకులు ఇచ్చింది. రాజకీయాల్లో ఇంతకంటే పెద్ద ట్విస్టు నేను చదవలేదు.

చివరికి జులై 28న ఇద్దరూ ఒక మాట మీదకు వచ్చారు. మరుసటి రోజు 600 మంది సైనికులు బయల్దేరారు. గడువు నిలబెట్టానని ప్రేమదాస చెప్పుకోవచ్చు, గడువుకు లొంగలేదని రాజీవ్ చెప్పుకోవచ్చు. సెప్టెంబర్ 18న కొలంబోలో ఇంకో ఒప్పందం జరిగింది. మన సైన్యం దాడులు ఆపేస్తుంది, డిసెంబర్ 31కల్లా అందరినీ వెనక్కి తేవడానికి ప్రయత్నిస్తారు. చూశారా, మొదటి కాగితంలో ఉండాల్సిన తేదీ రెండేళ్ల తర్వాత, వెయ్యికి పైగా శవపేటికల తర్వాత కాగితం ఎక్కింది.

నవంబర్ ఎన్నికల్లో రాజీవ్ ఓడిపోయారు. నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వం వచ్చింది, వీపీ సింగ్ ప్రధాని. ఆ ఫ్రంట్‌కు ఛైర్మన్ ఎవరు? ఎన్టీఆర్. అంటే తేదీకి ఒప్పుకున్నప్పుడు విదేశాంగ మంత్రి ఒక తెలుగువాడు, దాన్ని పూర్తి చేసిన కూటమికి ఛైర్మన్ ఇంకో తెలుగువాడు. సైన్యాన్ని తెచ్చింది వీపీ సింగే అని కొందరు, రాజీవే మొదలుపెట్టారని కొందరు ఇప్పటికీ కొట్లాడుకుంటారు. తేదీలు చూస్తే ఇద్దరికీ వాటా ఉంది.

1990 మార్చి 24న ట్రింకోమలీ నుంచి చివరి దళం బయల్దేరింది. మద్రాసులో స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. తమిళులను చంపిన సైన్యానికి స్వాగతం చెప్పలేనన్నది ఆయన కారణం. పోరాడమని పంపింది ప్రభుత్వం, ముఖం తిప్పుకున్నది సిపాయి ముందు. ఆయన కోపం నాకు అర్థమవుతుంది, కానీ గురి మారింది.

ఇప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడని భాగం చెప్తా. మనం వెళ్లిపోయే ముందు, ఉత్తర-తూర్పు రాష్ట్రంలో మన అండతో ఉన్న వరదరాజ పెరుమాళ్ ప్రభుత్వానికి రక్షణగా 'తమిళ జాతీయ సైన్యం' అని ఒకటి తయారు చేయించారు. అందులో చేరినవాళ్లలో చాలామందిని రోడ్ల మీద, ఇళ్లలోంచి పట్టుకొచ్చారు. బడికి వెళ్లే వయసు పిల్లలు. కొన్ని వారాల ట్రైనింగు, చేతికో తుపాకీ. మన దళాలు ఒక్కో జిల్లా ఖాళీ చేస్తుంటే వెనకే ఎల్టీటీఈ వచ్చింది. అంపారై వైపు మొదలై ఆ క్యాంపులు ఒక్కొక్కటే కూలిపోయాయి. ఆ పిల్లల్లో కొందరు లొంగిపోయారు, కొందరు పారిపోయారు, చాలామంది చనిపోయారు. పెరుమాళ్ ఇండియాకు వచ్చేశారు. సైన్యాన్ని వెనక్కి తేవడం తప్పు కాదని నేను గట్టిగానే అంటాను. కానీ వచ్చేటప్పుడు వాళ్ల చేతికి తుపాకీ ఇచ్చి రావడాన్ని సమర్థించే వాదన నాకు ఎక్కడా దొరకలేదు.

మనకు సరిగ్గా చేయడం రాక కాదు. 1971 డిసెంబర్‌లో ఢాకా గెలిచాం. 1972 ఫిబ్రవరిలో కలకత్తాలో ముజిబుర్ రెహమాన్ ఇందిరాగాంధీతో మాట్లాడి, మార్చి 25కల్లా భారత సైన్యం వెళ్లేలా ఒప్పించుకున్నారు. మార్చి 12నే ఢాకా స్టేడియంలో వీడ్కోలు పరేడ్ జరిగింది. 1988 నవంబర్‌లో మాల్దీవుల్లో కుట్రను అణిచిన మన దళాల్లో ఎక్కువ మంది పని కాగానే తిరిగొచ్చారు. అప్పుడు విదేశాంగ మంత్రి పీవీయే. ఆ రెండు చోట్లా పని ఏంటో ముందే తెలుసు, అది అయిందో లేదో కంటికి కనిపించింది. శ్రీలంకలో అలాంటి గీత ఏదీ గీయలేదు.

తేదీ ఒక్కటే ఉంటే సరిపోతుందా అని అడగొచ్చు. సరిపోదు. 2020లో దోహాలో అమెరికా, తాలిబన్లు తేదీ రాసుకున్నారు. 2021 ఆగస్టులో కాబూల్ విమానాశ్రయంలో విమానం వెంట పరిగెత్తిన జనాన్ని మీరు ఫోన్లలో చూశారు. అక్కడ తేదీ ఉంది, వెనక మిగిలే మనుషుల గురించి లెక్క లేదు. మనకు 1987లో రెండూ లేవు.

శ్రీలంకలో 1990 జూన్‌లోనే ప్రేమదాస ప్రభుత్వానికీ ఎల్టీటీఈకీ మళ్లీ యుద్ధం మొదలైంది. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్‌ను చంపారు. సరిగ్గా నెలకు, జూన్ 21న, పీవీ ప్రధాని అయ్యారు. 1992 మేలో ఎల్టీటీఈని నిషేధించింది ఆయన ప్రభుత్వమే. 1993 మే 1న ప్రేమదాస కూడా మానవబాంబు దాడిలో పోయారు. ఆ ఉత్తరాలు రాసుకున్న ఇద్దరూ అట్లనే పోయారు.

శ్రీలంకలో చనిపోయిన మన సైనికులు దాదాపు 1,200 మంది. వాళ్ల పేర్లతో ఒక స్మారకం ఉంది. దాన్ని కట్టింది శ్రీలంక ప్రభుత్వమే. ఎక్కడంటే బత్తరముల్లలో, ప్రేమదాస వెళ్లిపొమ్మన్న ఊళ్లోనే. 2015లో, 2025లో మన ప్రధాని అక్కడ పూలు పెట్టి వచ్చారు. జాఫ్నా ఆసుపత్రిలో చనిపోయిన డాక్టర్లు, నర్సుల ఫోటోలు ఆ ఆసుపత్రిలోనే పెట్టి ఏటా అక్టోబర్‌లో దీపం వెలిగిస్తారు. తమిళ జాతీయ సైన్యంలోకి లాక్కొచ్చిన పిల్లల పేర్లు మాత్రం ఈ రెండు చోట్లా లేవు.

ఈసారికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో 1984 హన్మకొండ ఎన్నిక, పీవీ ఓడిన కథ. మీ ఇంట్లో ఆ ఎన్నికలో ఓటేసిన పెద్దవాళ్లుంటే, ఎవరికేశారో ఈలోపు అడిగి పెట్టుకోండి.