విరిగిన దవడకు బంగారు తీగ

ముఖపు ఎముకలు విరగడానికి నేడు వాహన ప్రమాదాలు ముఖ్య కారణం. పూర్వం యుద్ధంలో తగిలిన దెబ్బలు, గుర్రం మీదనుండి పడిపోవడం వంటివి కారణాలు. కారణం ఏదైనా వైద్యుని ముందున్న సమస్య ఒక్కటే: విరిగిన దవడ వంకరగా అతుక్కుంటే పై పళ్లు, క్రింది పళ్లు కలవవు; మనిషి జీవితాంతం సరిగా నమలలేడు.

ఈ సమస్యను ఖుర్తుబా (కార్డోవా) సమీపాన మదీనతుజ్జహ్రాకు చెందిన అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ క్రీ.శ. 1000 ప్రాంతంలో తన 'అత్తస్రీఫ్' గ్రంథంలో చర్చించాడు. ముప్పై భాగాల ఈ గ్రంథంలో చివరి భాగం పూర్తిగా శస్త్రవిద్యకు సంబంధించినది.

దవడ లోపలికి విరిగితే నోటిలో వేలు పెట్టి బయటికి నెట్టాలి. రెండవ చేతితో వెలుపలనుండి సరిచూడాలి. కదిలిన పళ్లలో నిలుస్తాయనుకున్న వాటిని బంగారు తీగతోగాని, వెండి తీగతోగాని, పట్టుదారంతోగాని కట్టాలి. పిమ్మట దవడకు కట్టు కట్టి, రోగికి విశ్రాంతి, నమలనక్కరలేని ఆహారం ఇవ్వాలి. పళ్లు కట్టడానికి వెండికంటె బంగారమే మేలని ఆయన మరొకచోట అంటాడు. వెండి కొద్దిరోజులకే రంగు మారుతుంది, బంగారం మారదు. ముక్కు విరిగినప్పుడు శ్వాస ఆగకుండా, మెత్తని గుడ్డ చుట్టిన బాతు ఈకగొట్టాన్ని ముక్కులో ఉంచవచ్చునన్నాడు.

ఇవన్నీ ఆయనే కనిపెట్టాడని చెప్పుకోవడం చరిత్ర కాదు. పళ్లను తీగతో కట్టడం గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాలలోనే ఉన్నది. ఏడవ శతాబ్దపు పాల్ ఆఫ్ ఈజినా రచనకు అజ్జహ్రావీ ఎంతో ఋణపడి ఉన్నాడు. ఆ గ్రీకు విద్యను అరబ్బీలోకి తెచ్చిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ వంటి అనువాదకులలో పలువురు క్రైస్తవులు. మరి అజ్జహ్రావీ ఘనత ఏమిటి? విన్నదానికి తన అనుభవాన్ని జోడించాడు. పరికరాల బొమ్మలు గీయించాడు. శరీరనిర్మాణం తెలియనివాడు కత్తి పట్టరాదని హెచ్చరించాడు. ఒక అజ్ఞాని వైద్యుడు స్త్రీ మెడలోని గడ్డను కోసి, రక్తనాళాలు తెగి ఆమె మరణానికి కారకుడైన సంగతిని దాచకుండా వ్రాశాడు.

పన్నెండవ శతాబ్దంలో క్రెమోనాకు చెందిన జెరార్డ్ టొలెడోలో ఈ శస్త్రభాగాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. శతాబ్దాలపాటు ఐరోపా వైద్యులు దానిని చదివారు. 1901లో ఫ్రాన్సు వైద్యుడు రెనే లె ఫోర్ పైదవడ, నడిముఖం ఎముకలు విరిగే రేఖలను వర్గీకరించాడు. తరువాత టైటానియం పలకలు వచ్చాయి. సాధనాలు మారినా, పళ్ల వరుస కుదిరితేనే దవడ కుదిరినట్లన్న సూత్రం మారలేదు.

విద్య ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. అందుకున్నదానిని పరీక్షించి, పెంచి, తరువాతివారికి అందించినవారే దానికి నిజమైన వారసులు. అజ్జహ్రావీని స్మరించేవారు మొదట గుర్తుంచుకోవలసినది ఇదే.