మా అవ్వ చాట, కత్తెర



షోలాపూరు అనగానే మీలో చాలామందికి చద్దరు గుర్తుకొస్తుంది. చరిత్ర చదివినవారికి 1930 మే నెలలో ఈ ఊళ్ళో పెట్టిన మార్షల్ లా, 1931 జనవరి 12న యెరవాడ జైలులో ఉరికంబమెక్కిన మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ్ షిండే, కిసన్ సార్డా, కుర్బాన్ హుసేన్ గుర్తుకొస్తారు. 1877లో మొదలైన మిల్లును మేము జూనీ గిర్ణీ అంటాం. దాని సంగతీ పుస్తకాల్లో ఉంది. ఈ రోజు నేను చెప్పబోయేది ఏ పుస్తకానికీ ఎక్కని మనిషి గురించి. ఆమె మా నాన్నను కన్నతల్లి, మా అవ్వ.

కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు వైపుల నుంచి పద్మశాలీలు ఇక్కడికి ఎందుకు వచ్చారో సరిహద్దు జిల్లాల్లో ఉన్న మీకు వేరే చెప్పనక్కర లేదు. అక్కడ కరువు, మిల్లు బట్ట దెబ్బకు కుదేలైన మగ్గం. ఇక్కడ నూలు, షావుకార్లు, రైలు. అవ్వ పద్నాలుగేళ్ళ కోడలిగా, పోలీసు యాక్షన్ జరిగిన 1948లో ఈ ఊరు చేరింది.

ఇల్లంటూ వేరే లేదు. కార్ఖానాలో మగ్గాల పక్కనే పొయ్యి, పక్కనే పడక. షావుకారి దగ్గర తీసుకున్న బాకీ తీరేదాకా ఇంకో కార్ఖానా గడప తొక్కడానికి వీల్లేదు. తాత చీరలు నేసేవాడు, అవ్వ కండెలు చుట్టేది. వారం చివర కూలీ తాత చేతిలో పడేది. కండెలకు వేరే లెక్క లేదు. నిజానికి కండె లేకపోతే నాడెకు పనే లేదు, కానీ ఆ పద్దు ఎవరూ రాయలేదు.

తర్వాత సాంచాలు వచ్చాయి. తాత సాంచా నడపడానికి పోయాడు. అవ్వ బీడీ పట్టింది. మా పేటల్లో వేలాది ఇళ్ళలో ఇదే జరిగింది. మగవాళ్ళు సాంచాకు, ఆడవాళ్ళు బీడీకి.

బీడీ చుట్టడం తేలికనుకోకండి. తునికాకు తడపాలి, ఆరనివ్వాలి, రేకు అచ్చు పెట్టి కత్తెరతో కోయాలి. ఒళ్ళో చాట, చాటలో తంబాకు. ఆకులో చిటికెడు పోసి చుట్టి, దారం కట్టి, కొన మడవాలి. ఇరవై అయిదుకు ఒక కట్ట. నలభై కట్టలయితే వెయ్యి. అవ్వకు అక్షరం రాదు, నలభై దాకా లెక్క మాత్రం నిద్రలోనూ తప్పేది కాదు. బ్రాంచిలో బాగా లేవని కొన్ని తీసి పక్కన పడేసేవారు. వాటికి కూలీ లేదు, బీడీలు తిరిగి రావు. "నా చెయ్యి మంచిదో చెడ్డదో వాడు చెప్తడా బిడ్డా?" అనేది. తంబాకు ధూళికి రాత్రంతా దగ్గేది. ఆ సరుకు తాగినవారికీ మేలు చెయ్యలేదు, చుట్టినవారికీ చెయ్యలేదు. ఈ మాట దాచడం నాకు ఇష్టం లేదు.

1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది. చట్టం కార్ఖానాలకు కదా అని చాలాచోట్ల యజమానులు పని ఇళ్ళకు తోలారు. 1985లో సుప్రీంకోర్టు, ఇంట్లో చుట్టేవారికీ ప్రావిడెంటు ఫండు వర్తిస్తుందని చెప్పింది. అవ్వకు అది అందేసరికి ఇంకో చిక్కు. ఒక కార్డులో ఆమె పేరు చివర అవ్వ, ఇంకో కార్డులో బాయి. ఇద్దరు మనుషులన్నారు. అప్పటికి నేను బళ్ళో మరాఠీ, ఇంట్లో తెలుగు చదువుకుంటున్న పిల్లవాణ్ణి. దరఖాస్తు మరాఠీలో నేనే రాశాను. అవ్వ వేలిముద్ర వేసింది. రెండేళ్ళు తిరిగాము. డబ్బు కొద్దే. అయినా ఆమె ఆ పాస్‌బుక్కును దేవుడి పటం వెనక దాచుకుంది. మాగం దగ్గర చేసిన చాకిరీకి ఒక్క కాగితమూ లేదు. తన పేరుతో ఉన్నది ఇదొక్కటే.

2006లో కుంభారి దగ్గర, గోదూతాయి పరులేకర్ పేరిట బీడీ ఆడవాళ్ళకు కట్టిన పదివేల ఇళ్ళు చేతికొచ్చాయి. నర్సయ్య ఆడం నాయకత్వాన ఏళ్ళ తరబడి మోర్చాలు తీస్తే దక్కిన ఇళ్ళవి. వాటిలో ఒకటి మా మేనత్తకు వచ్చింది. అవ్వను రిక్షాలో తీసుకెళ్ళాము. వంటగది చూడలేదు, స్నానాలగది చూడలేదు. గుమ్మం దగ్గర నిలబడి, "పొద్దుగాల వెలుతురు ఏ దిక్కునుంచి వస్తది?" అని మేనత్తను అడిగింది. చెప్పగానే అటు గోడకు ఆనుకుని కూర్చుని, సంచిలోంచి చాట తీసింది. ఆ తర్వాత మూడేళ్ళు బతికింది.

ఆ కత్తెర ఇప్పుడు నా దగ్గరుంది. బొటనవేలు పట్టేచోట ఇనుము అరిగిపోయి సన్నబడింది.