పాతకాలపు చేతి గడియారాల సేకరణ, కూర్పు

పాతకాలపు చేతి గడియారాల సేకరణ, కూర్పు అనునది స్ప్రింగుతో నడిచే చేతి గడియారాలను సేకరించడం, బాగుచేయడం, విడిభాగాలతో పాత తరహా గడియారాలను స్వయంగా తయారుచేసుకోవడం ప్రధానాంశాలుగా గల ఒక అభిరుచి. మన వాడుకలో "కీ ఇచ్చే వాచీలు" అని పిలువబడేవి ఇవే. ధరించినవారి చేతి కదలికతో స్ప్రింగు దానంతట అదే చుట్టుకునే ఆటోమేటిక్ గడియారాలు కూడా ఈ కోవలోనివే. బ్యాటరీతో పనిచేసే క్వార్ట్జ్ గడియారాలకు ఈ అభిరుచిలో అంత ప్రాముఖ్యం లేదు.

నేపథ్యం

1969 డిసెంబరు 25న జపానుకు చెందిన సీకో సంస్థ, ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ చేతి గడియారాన్ని టోక్యోలో విడుదల చేసింది. నేటి సాధారణ క్వార్ట్జ్ గడియారంలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. స్ప్రింగు గడియారంలోని బ్యాలెన్స్ చక్రానికి సెకనుకు సాధారణంగా ఐదు నుండి ఎనిమిది ఊపులు మాత్రమే. రోజుకు పది, ఇరవై సెకన్ల తేడా రావడం ఒక మామూలు స్ప్రింగు గడియారానికి దోషమేమీ కాదు. అయితే క్వార్ట్జ్ ముందు ఆ తేడా పెద్దదిగా కనిపించింది. 1970, 1980 దశకాలలో స్విట్జర్లాండులోని అనేక కర్మాగారాలు మూతబడ్డాయి. సమయం చూసుకోవడానికి అవసరం తగ్గిన తరువాతనే పాత గడియారాలు అపురూప వస్తువులయ్యాయి.

పనిచేసే విధానం

చుట్టబడిన ప్రధాన స్ప్రింగు విప్పుకుంటూ పళ్ళచక్రాలను తిప్పుతుంది. ఆ చక్రాలు ఒక్కసారిగా గిర్రున తిరిగిపోకుండా ఆపి ఆపి వదిలే భాగాన్ని ఎస్కేప్‌మెంట్ అంటారు. టిక్ టిక్ మనే శబ్దం ఇక్కడి నుండే వస్తుంది. వెంట్రుక వంటి సన్నని తీగచుట్టతో ముందుకు, వెనుకకు ఊగే బ్యాలెన్స్ చక్రం కాలపు కొలతను నిర్ణయిస్తుంది. చక్రాల ఇరుసులు అరిగిపోకుండా కృత్రిమ కెంపులు అమర్చబడి ఉంటాయి. డయలుపై కనిపించే "17 జ్యువెల్స్" అన్న మాటకు అర్థమిదే. రాళ్ళ సంఖ్య పెరిగినకొద్దీ గడియారం విలువ పెరుగుతుందని ఒకప్పుడు చాలామంది నమ్మేవారు. చేతితో కీ ఇచ్చే సాధారణ గడియారానికి 17 రాళ్ళు సరిపోతాయి.

కూర్పు, మార్పులు

విడిభాగాలు కొని గడియారాన్ని కూర్చడం, లేదా ఉన్న గడియారానికి డయలు, ముళ్ళు, అద్దం వంటివి మార్చడాన్ని మాడింగు అంటారు. ఇందులో సీకో యంత్రాలకు విశేష ఆదరణ ఉన్నది. 1996లో వచ్చిన ఎస్.కె.ఎక్స్.007 అనే ఈతగాళ్ళ గడియారం ఈ అభిరుచి వ్యాపించడానికి ముఖ్య కారణం. 2019లో దాని తయారీ నిలిపివేయబడింది. ప్రస్తుతం కొత్తగా కూర్చేవారు ఎక్కువగా వాడేది సీకో వర్గానికే చెందిన ఎన్.హెచ్.35 యంత్రం. దీనికి 24 రాళ్ళు, గంటకు 21,600 ఊపులు. పూర్తిగా కీ ఇస్తే సుమారు 41 గంటలు నడుస్తుంది. దీనిని 1965 నాటి సీకో 62మాస్ వంటి నమూనాలను పోలిన కేసులలో అమర్చి పాత తరహా గడియారాలు తయారుచేస్తారు.

భాగాలు ఒకదానికొకటి సరిపోవడమే ఇక్కడ అసలు చిక్కు. ఎన్.హెచ్.35కు వాడే డయలు వ్యాసం 28.5 మి.మీ. డయలు వెనుక సన్నని కాళ్ళు ఉంటాయి. అవి యంత్రంలోని రంధ్రాలలో దిగాలి. ఎస్.కె.ఎక్స్.007కు కీ బొడిపె మూడు అంకె వద్ద కాక నాలుగు దగ్గర ఉంటుంది. అందుచేత దాని కోసం చేసిన డయలును మామూలు కేసులో పెడితే పన్నెండు అంకె పక్కకు ఒరిగిపోతుంది. అప్పుడు కాళ్ళు కత్తిరించి, డయలును జిగురు చుక్కలతో అతికించవలసి వస్తుంది.

ముళ్ళు బిగించే ముందు, తేదీ మారే క్షణం వరకు యంత్రాన్ని తిప్పి, అక్కడ గంటల ముల్లును, నిమిషాల ముల్లును పన్నెండుపై నిలుపుతారు. ఈ జాగ్రత్త తీసుకోకపోతే తేదీ సాయంత్రమో తెల్లవారుజామునో మారుతుంది! సెకన్ల ముల్లు రంధ్రం మిల్లీమీటరులో ఐదో వంతు మాత్రమే ఉంటుంది కాబట్టి కొత్తవారు మొదట వంచేది సాధారణంగా ఆ ముల్లునే. కీ బొడిపె ఊచను కేసుకు తగినట్లు కొద్దికొద్దిగా కత్తిరించాలి. ఎక్కువ తెగితే మరొకటి కొనడమే శరణ్యం.

రేడియం

సుమారు 1960 దశకం వరకు చీకటిలో మెరిసే అంకెలకు, ముళ్ళకు రేడియం కలిసిన రంగు పూసేవారు. అమెరికాలోని న్యూజెర్సీ కర్మాగారాలలో కుంచె మొనను పెదవులతో సన్నగా చేసుకుంటూ ఈ రంగు వేసిన యువతులు తీవ్రమైన ఎముకల వ్యాధులకు గురయ్యారు, కొందరు మరణించారు. 1920 దశకంలో వారు న్యాయస్థానాలను ఆశ్రయించడంతో ఈ విషయం లోకానికి తెలిసింది. రేడియం-226 అర్ధాయువు సుమారు 1,600 సంవత్సరాలు. రంగులోని జింక్ సల్ఫైడు పాడైపోవడం వలన పాత డయళ్ళు ఇప్పుడు మెరవకపోవచ్చు, కానీ రేడియోధార్మికత అలాగే ఉంటుంది. మెరవడం లేదు కనుక ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. అటువంటి గడియారాన్ని ఇంట్లో విప్పడం, పొడిగా రాలుతున్న రంగును గీకడం, ఊదడం చేయరాదు. నేటి మెరిసే రంగులు వెలుతురును గ్రహించి తిరిగి విడుదల చేసేవే. వీటిలో రేడియోధార్మికత లేదు.

భారతదేశంలో

భారతీయ సేకర్తలకు హెచ్.ఎం.టి. ప్రధానమైన పేరు. 1953లో ఏర్పడిన ఈ ప్రభుత్వ రంగ సంస్థ, జపానుకు చెందిన సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో చేతి గడియారాల తయారీ ప్రారంభించింది. జనతా, పైలట్, సోనా మొదలైనవి ప్రసిద్ధి చెందిన నమూనాలు. అంధుల కోసం మూత తెరిచి వేలితో తడిమి చూసుకునే బ్రెయిలీ గడియారాన్ని కూడా ఈ సంస్థ తయారుచేసింది. పెళ్ళిలో అల్లుడికి, పదవీ విరమణనాడు ఉద్యోగికి ఇచ్చే కానుకగా ఈ వాచీకి మన ఇళ్ళలో ఉన్న స్థానం తెలిసినదే. హైదరాబాదులోని ఆల్విన్ సంస్థ 1980 దశకంలో సీకో సహకారంతో గడియారాలు తయారుచేసింది. తెలుగు ప్రాంతపు సేకర్తలు వీటి కోసం ప్రత్యేకంగా వెదుకుతారు. 1984లో స్థాపించబడిన టైటాన్ క్వార్ట్జ్ గడియారాలతో విపణిని ఆక్రమించిన తరువాత హెచ్.ఎం.టి. క్రమంగా వెనుకబడింది. 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం హెచ్.ఎం.టి. వాచెస్ మూసివేతకు ఆమోదం తెలిపింది.

అసలు, నకిలీ

పాత పేర్లకు గిరాకీ పెరగడంతో ఒక అనర్థం ఏర్పడింది. వివిధ గడియారాల నుండి తీసిన భాగాలను కలిపి, డయలుకు కొత్తగా రంగు వేసి, పాత సరుకుగా అమ్మడం మొదలైంది. విదేశీ సేకర్తలు వీటిని "ముంబయి స్పెషల్" అని వెటకారంగా పిలుస్తారు. సంస్థ ఏనాడూ చేయని రంగులలో సైతం పైలట్ గడియారాలు కనిపిస్తున్నాయి. అక్షరాల అంచులు అలుక్కుపోవడం, నిమిషాల గీతలు అంకెలకు ఎదురుగా లేకపోవడం, డయలుపై మెరిసే రంగుకు, ముళ్ళపై రంగుకు పొంతన లేకపోవడం, యంత్రంపై ఉన్న సంఖ్య నమూనాతో కలవకపోవడం వీటి ఆనవాళ్ళు.

రంగు వేసిన డయలు నుండి తొలినాటి ముద్రణను తిరిగి రప్పించడం సాధ్యం కాదు. అందుచేతనే కొద్దిగా వెలిసి మచ్చలు పడినా అసలు డయలున్న గడియారానికే సేకర్తలు ఎక్కువ విలువ ఇస్తారు. మాడింగు చేసేవారు కూడా పేరు లేని డయలును గాని, తమ సొంత గుర్తును గాని వాడితే ఆక్షేపణ ఉండదు. ప్రసిద్ధ సంస్థ పేరు ముద్రిస్తే అది నకిలీ అవుతుంది. జాగ్రత్తపరులైన సేకర్తలు మార్చిన భాగాల వివరాలను తేదీతో సహా చీటీపై వ్రాసి, తీసివేసిన పాత భాగాలను చిన్న సంచిలో వేసి గడియారంతోపాటే భద్రపరుస్తారు.