ఇంట్లో వైరు నెట్ ఆగిపోతే ఏం చూడాలి?

మోర్ధానా డ్యాం నీళ్లు చేనికి రాలేదంటే తూము తెరిచారా, కాలువ ఎక్కడైనా పూడిందా అని పైనుంచి చూసుకుంటూ వస్తాం. ఇంట్లో వైరుతో కలిపిన కంప్యూటర్‌కు నెట్ రాకపోయినా చేయవలసింది అదే. తమిళనాట 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యింది. మన పిల్లలు తెలుగు అక్షరాలు దిద్దడానికి ఆన్‌లైన్ తరగతే దిక్కయిన ఇళ్లున్నాయి. అక్కడ నెట్ వారం ఆగితే వారం పాఠం పోయినట్టే. అందుకే సంఘం తరఫున ఈ వరుస రాస్తున్నాం.

1. ఫైబర్ పెట్టె: దాని మీద ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగా వెలిగితే బయటి తీగ నుంచి సిగ్నల్ రావడం లేదని అర్థం. ఇంట్లో ఏం మార్చినా లాభం లేదు, నెట్ ఇచ్చిన వాళ్లకు చెప్పాలి. ఆ సన్న తీగను మడవకండి, లోపల ఉన్నది గాజు పోగు.

2. ఫోన్‌తో పరీక్ష: అదే రౌటర్ వైఫైతో ఫోన్‌లో నెట్ వస్తూ కంప్యూటర్‌లో రాకపోతే, లోపం రౌటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్యనే ఉంది. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి చూడండి.

3. వైరు: రెండు కొసల దగ్గరా లైటు వెలుగుతోందా చూడండి. లేకపోతే పిన్ను తీసి, టక్‌మని శబ్దం వచ్చేదాకా మళ్లీ పెట్టండి. తలుపు సందులో నలిగిందేమో, ఎలుక కొరికిందేమో చూడండి. బాగున్న మరో వైరు పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది.

4. పిన్ను: లోపల 8 తీగలుంటాయి. వాడుకలో ఉన్న వరుస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. 100 మెగాబిట్ల వేగానికి 1, 2, 3, 6 తీగలు చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. గిగాబిట్ పరికరాలున్నా వేగం 100 దగ్గరే ఆగితే ఒక తీగ తెగిందేమో అనుమానించాలి. వైరు పొడవు 100 మీటర్లు దాటకూడదు.

5. స్విచ్ పెట్టె: ఒకే వైరు రెండు కొసలూ ఒకే స్విచ్‌లో పెడితే ఇల్లంతా నెట్ స్తంభించవచ్చు.

6. అడ్రసు: విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ ఆదేశం ఇవ్వండి. అడ్రసు 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రసు అందలేదు. ముందు ఫైబర్ పెట్టె, తర్వాత రౌటర్, చివర కంప్యూటర్ ఆపి వేయండి. అడ్రసు సరిగ్గా ఉంటే డిఫాల్ట్ గేట్‌వే అని చూపే నంబరుకు పింగ్ ఇవ్వండి, తర్వాత 8.8.8.8కు ఇవ్వండి. మొదటిది పలికి రెండోది పలకకపోతే రౌటర్ అవతల చూడాలి. రెండూ పలికినా సైట్లు తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్ సెట్టింగు చూడాలి.

ఒకసారి ఒక్కటే మార్చండి. రెండు మూడు కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలు కాకముందే కరెంటు ప్లగ్గుతో పాటు నెట్ వైరు కూడా తీసేయండి. పిడుగు దెబ్బ వైరు గుండా కూడా వస్తుంది.

మెకానిక్‌ను పిలిచేటప్పుడు "నెట్ రావడం లేదు" అని ఊరుకోకుండా, ఏ లైటు వెలగలేదో, ఏ మెట్టు దగ్గర ఆగిందో చెప్పండి. కావలసిన సామాను తెచ్చుకుంటారు, గుడియాత్తానికి రెండోసారి తిరిగే పని తప్పుతుంది.